ఆసుపత్రిలో ఉన్న రోగికి పక్షవాతం వస్తే: నర్సు ఏమి చూస్తుంది, మీరు ఏమి చెప్పాలి

పక్షవాతం అనగానే, ఇంట్లోనో పొలంలోనో ఉన్నట్టుండి పడిపోయిన మనిషిని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తడమే మనకు గుర్తుకు వస్తుంది. కాని వేరే జబ్బుకో, ఆపరేషనుకో చేరి వార్డులో పడుకున్న మనిషికి కూడా పక్షవాతం రావచ్చు. "ఆసుపత్రిలోనే ఉన్నాం కదా, ఇంక భయమెందుకు" అని బంధువులు అనుకుంటారు. నిజానికి ఇలాంటి రోగులలో జబ్బును కనిపెట్టడం ఒక్కోసారి ఇంటి దగ్గరకన్నా ఆలస్యమవుతుంది. మంచం మీద ఉన్న మనిషి నడవడు, పెద్దగా మాట్లాడడు. కాలు ఈడుస్తున్నాడో లేదో ఎవరికీ తెలియదు. మాట ముద్దగా వస్తే మత్తు ఇంకా దిగలేదనుకుంటారు. చెయ్యి లేవకపోతే సెలైన్ సూది వల్ల అనుకుంటారు.

మెదడుకు రక్తం తీసుకువెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడినా, ఆ నాళం చిట్లినా పక్షవాతం వస్తుంది. గడ్డ అడ్డుపడే రకమే ఎక్కువ. అలా అడ్డుపడి పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు చనిపోతాయని లెక్క కట్టారు. ఆ గడ్డను కరిగించే ఇంజక్షన్ ఉంది. కాని దానిని సాధారణంగా 4.5 గంటల లోపే ఇవ్వాలి. ఈ మధ్య కాలంలో పెద్ద ఆసుపత్రులలో తొడ దగ్గర రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగుతున్నారు. కొత్తగా ఆపరేషన్ అయినవారికి రక్తస్రావం భయం వల్ల ఇంజక్షన్ ఇవ్వడం తరచు కుదరదు. అలాంటివారిలో కొందరికి ఈ పద్ధతి పనికివస్తుంది. దీనికి కూడా ఎంత తొందరగా వెళితే అంత మంచిది.

గడియారం ఎప్పటినుండి లెక్క?

ఇక్కడే చాలామంది పొరబడతారు. మీరు చూసిన సమయం నుండి కాదు, రోగి చివరిసారి మామూలుగా ఉన్న సమయం నుండి లెక్క. మా నర్సింగ్ విద్యార్థినులకు నేను చెప్పే ఉదాహరణ ఒకటి ఇక్కడ చెబుతాను. విరేచనాలతో చేరిన 60 ఏళ్ల పెద్దాయన. బి.పి. ఉంది. తెల్లవారుజామున 4 గంటలకు లేచి, ఒంటేలుకు డబ్బా ఇవ్వమని భార్యను అడిగాడు, బాగానే మాట్లాడాడు. 5.15కు ఆమె టీ ఇస్తే గ్లాసు కుడిచేతిలోనుండి జారిపోయింది. పక్క మంచం దగ్గరి ఆవిడ "నీరసమమ్మా, నాలుగు రోజులుగా తిండి లేదు కదా" అంది. 9 గంటలకు డాక్టరుగారు రౌండ్స్‌కు వస్తారు, అప్పుడు చెబుదామని ఆమె ఆగితే, 8.30కే ఆ ఇంజక్షన్ గడువు దాటిపోతుంది. 5.15కే డ్యూటీ సిస్టర్‌ని పిలిస్తే, స్కానింగ్‌కూ మందుకూ ఇంకా మూడుంబావు గంటలు చేతిలో ఉంటాయి. ఆ మనిషి రేపు తన చేత్తో తాను అన్నం తింటాడా, ఒకరు తినిపించాలా అన్నది ఆ మూడుంబావు గంటల మీద ఆధారపడి ఉండవచ్చు.

అందుచేత సిస్టర్ మిమ్మల్ని "ఎప్పుడు బాగా మాట్లాడాడు? ఆ మాట మీరే విన్నారా?" అని రెట్టించి అడిగితే విసుక్కోకండి. ఆ ఒక్క సంగతి కేస్ షీట్‌లో లేదు, మీ దగ్గరే ఉంది. రాత్రి సిస్టర్ నిద్రపోతుందేమో, ఇబ్బంది పెట్టకూడదని మొహమాటపడేవారు ఉన్నారు. డ్యూటీలో ఉన్న సిస్టర్ నిద్రపోదు. ఒకవేళ కునుకు తీసినా లేపండి, నా పేరు చెప్పి లేపండి.

మేము చూసేవి ఇవి. నవ్వమంటే మూతి ఒక పక్కకు లాగుతుందా? రెండు చేతులూ ముందుకు చాపి కళ్లు మూసుకోమంటే ఒక చెయ్యి కిందికి జారిపోతుందా? మాట తడబడుతుందా, అడిగినదానికి పొంతన లేని జవాబు వస్తుందా? ఉన్నట్టుండి ఒక కంటి చూపు పోవడం, ఒకటి రెండుగా కనబడడం, కూర్చోబెడితే ఒక పక్కకు ఒరిగిపోవడం, మునుపెన్నడూ లేనంత తలనొప్పి కూడా గుర్తులే. "తాతగారూ, ఒకసారి నవ్వండి" అని సిస్టర్ అంటే కొందరు ఎగతాళి అనుకుంటారు. అది పరీక్ష. ఆపరేషన్ తరువాత గంట గంటకూ లేపి టార్చి వేసి కళ్లు చూడడం కూడా అంతే. నిద్ర చెడగొట్టాలని ఏ సిస్టర్‌కీ ఉండదు.

అనుమానం రాగానే సిస్టర్ మొదట వేలు గుచ్చి షుగర్ చూస్తుంది. షుగర్ బాగా పడిపోతే కూడా అచ్చం పక్షవాతంలాగే మాట పోతుంది, చెయ్యి పడిపోతుంది. అది గ్లూకోజుతో తేరుకునే సంగతి.

పది నిమిషాల్లో చెయ్యి మళ్లీ మామూలైపోయినా చెప్పాలి. అది రాబోయేదానికి ముందు వచ్చిన కబురు. ఆ తరువాతి రెండు రోజులే ఎక్కువ ప్రమాదం.

బి.పి. సంగతి

"200 ఉందంటున్నారు, నాలుక కింద మాత్ర ఎందుకు వేయరు?" అని బంధువులు గొడవపడతారు. నాళం మూసుకున్నప్పుడు, మిగిలిన మెదడుకు కాస్తయినా రక్తం అందేది ఆ బి.పి. వల్లనే. ఒక్కసారిగా దించితే దెబ్బ పెద్దదవుతుంది. గడ్డ కరిగించే మందు ఇవ్వాలంటే 185/110 లోపుకు తేవాలి. ఆ మందు ఇవ్వనివారిలో 220/120 వరకు మొదటి రోజు సాధారణంగా ముట్టుకోరు. నాళం చిట్లిన రకం వేరు, అందులో డాక్టర్లు త్వరగానే దించుతారు. ఏ రకమో స్కానింగ్ లేకుండా ఎవరూ చెప్పలేరు. అందుకే స్కానింగ్ కాకముందు మీ దగ్గరున్న ఆస్ప్రిన్ కూడా వేయవద్దు. మందు ఇచ్చాక మొదటి 2 గంటలు ప్రతి 15 నిమిషాలకు, తరువాత 6 గంటలు అరగంటకొకసారి, ఆపైన 24 గంటలు నిండేదాకా గంటకొకసారి బి.పి. చూడాలి. ఆ రాత్రి ఆ మంచం దగ్గర సిస్టర్ కూర్చునే వీలుండదు.

రాకుండా ఏమి చేస్తాము

నాడి చూసేటప్పుడు నిండు నిమిషం లెక్కపెట్టమని మా పిల్లలకు నేర్పుతాను. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తే క్రమం తప్పిన నాడి దొరకదు. గుండె పై గదులు క్రమం తప్పి కొట్టుకునే జబ్బులో లోపల గడ్డ కట్టి మెదడుకు పోతుంది. అలాంటివారికి పక్షవాతం ప్రమాదం సుమారు అయిదు రెట్లు. చిన్నప్పుడు కీళ్లవాత జ్వరం వచ్చి గుండె కవాటం పాడైనవారిలో ఇది మరీ ఎక్కువ. వీరు వార్‌ఫరిన్, ఎసిట్రామ్ వంటి రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటారు. పన్ను తీయించుకోవాలనో, ఉపవాస ప్రార్థన అనో వాటిని సొంతంగా మానేసేవారిని చూస్తున్నాము. ఆపాలో వద్దో, ఆపితే మళ్లీ ఏ రోజు మొదలుపెట్టాలో డాక్టరుగారు చెప్పాలి. ఆ తేదీని మేము కేస్ షీట్‌లో రాస్తాము. మీరు కూడా అడిగి గుర్తుంచుకోండి. చేరేటప్పుడు ఇంట్లో వాడే మాత్రలన్నీ, నాటుమందుతో సహా, ఒక సంచిలో వేసుకుని రండి. "తెల్లమాత్ర, పొద్దున ఒకటి" అంటే మాకు ఏమీ తెలియదు.

వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా రక్తం చిక్కబడుతుంది. ఎన్నిసార్లు అయ్యాయో, ఒంటేలు ఎంత పోశారో మేము అడిగేది అందుకే.

పక్షవాతం వచ్చాక నర్సు పని ఎంత విలువైనదో ఆస్ట్రేలియాలో తేలింది. న్యూ సౌత్ వేల్స్‌లోని 19 స్ట్రోక్ యూనిట్లలో, స్వయంగా నర్సు అయిన శాండీ మిడిల్టన్ ఆధ్వర్యంలో జరిగిన పరిశోధన 2011లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. మొదటి మూడు రోజులు జ్వరం చూసి తగ్గించడం, షుగర్ చూసి అదుపు చేయడం, నోటికి ఏదైనా ఇచ్చేముందు మింగగలడో లేదో పరీక్షించడం, ఈ మూడింటినీ నర్సులు నియమంగా చేశారు. 90 రోజుల తరువాత చూస్తే, చనిపోయినవారు, ఒకరి మీద ఆధారపడినవారు కలిపి మామూలు పద్ధతిలో 58 శాతం ఉంటే, ఇక్కడ 42 శాతమే.

మూడింటిలోనూ మాకు కష్టమయ్యేది మూడోది. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘస్థులు ప్రేమతో పరామర్శకు వస్తారు. వెంట కొబ్బరినీళ్లు, హార్లిక్స్, బత్తాయిరసం. "రెండు చుక్కలు గొంతులో పోద్దాం" అంటారు. సగం గొంతు పనిచేయని మనిషికి ఆ రెండు చుక్కలూ ఊపిరితిత్తులలోకి పోతాయి, నిమోనియా వస్తుంది. ఒక్కోసారి దగ్గు కూడా రాదు కనుక పొలమారినట్టు పక్కవారికి తెలియదు. మంచానికి "నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు" అన్న అట్ట కట్టి ఉంటే, మాత్రకు కూడా నీళ్లు పట్టవద్దు. సిస్టర్ రోగిని నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో కొంచెం నీళ్లు ఇచ్చి, గొంతు కదలిక చూసి, "ఆ" అనిపించి స్వరం తడిగా వస్తుందేమో వింటుంది. అది బాగుంటే అట్ట ఆమే విప్పేస్తుంది. అప్పుడు కూడా మొదట మెత్తటి జావ, బాగున్న పక్క నుండి, ఒక్కొక్క చెంచా. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు.