ఒక భుజం పైకి, ఒక భుజం కిందికి: ఆకు మోపు మోసే మనం తెలుసుకోవాల్సినవి

ఈ వారం పాఠం పురుగుల గురించి కాదు, పురుగులను మేపే మన ఒంటి గురించి.

పోయిన ఏడాది పండక్కి చొక్కా కుట్టించుకోను పోయినాను. కొలత తీసుకుంటా టైలరు "అన్నా, నీ కుడి భుజం ఒక వేలు కిందికి ఉంది. ఎంత బాగా కుట్టినా చొక్కా ఆ పక్కకే జారుతుంది" అన్నాడు. ఇంటికొచ్చి అద్దం ముందర నిలబడి చూస్తే నిజమే. ఇరవై ఏండ్లుగా ఆకు మోపు ఆ భుజం మీదనే మోస్తా ఉన్నాను. మా కోలారు పక్క ఇట్లాంటి భుజాలు శానామందికి ఉన్నాయి. ఆడవాళ్ళయితే పైట నిలవదు, సంచి తగిలిస్తే జారిపోతుంది అంటారు.

*ఇది జబ్బా?*
అన్నిసార్లూ కాదు. ఎవరి భుజాలూ గీత గీసినట్టు సమానంగా ఉండవు. కుడిచేతి వాటం వాళ్ళకు కుడి భుజం కొంచెం కిందికి ఉండడం మామూలే. నొప్పి, తిమ్మిరి లేకుండా చెయ్యి తల పైకి బాగా లేస్తా ఉంటే భయపడే పని లేదు.

*ఎందుకు వస్తుంది?*
1. అలవాటు వల్ల. ఒకే పక్క బరువు మోస్తే మెడ, భుజం కండరాలు ఒక పక్క బిగుసుకుంటాయి, ఇంకో పక్క సాగి బలం తగ్గుతుంది. ఎముకలు సరిగానే ఉంటాయి.
2. ఎముక వల్ల. వెన్నెముక పక్కకు వంగడం (డాక్టర్లు స్కోలియోసిస్ అంటారు), ఒక కాలు పొట్టిగా ఉండడం, ఎప్పుడో విరిగిన కాలర్ ఎముక సరిగా అతుక్కోకపోవడం.
3. నరానికో, భుజం కీలుకో దెబ్బ తగలడం వల్ల.

మొదటిది మన చేతిలో ఉంది. మిగతా రెండూ డాక్టరు చూడాల్సినవి.

*మన భుజం మోసే లెక్క*
100 గుడ్ల పంటకు సుమారు ఒక టన్ను ఆకు కావాలి. అందులో 80 శాతం పైన, నాలుగో జ్వరం లేచినాక ఆ ఆరేడు రోజుల్లోనే తింటాయి. నేను 200 గుడ్లు మేపుతాను. అంటే ఒక్క వారంలో 1,600 కిలోలు. 30 కిలోల మోపు లెక్కన 50 మోపుల పైన. కొమ్మలతో కోస్తే కట్టె బరువు కలిసి ఇంకా ఎక్కువ. ఏడాదికి ఐదారు పంటలు. ఇదంతా ఒక్క భుజం మీదనే! ఎద్దుకు కూడా మనం అప్పుడప్పుడూ పక్క మారుస్తాము.

*నేను మార్చుకున్నవి*
• 30 కిలోల మోపును రెండు 15 కిలోలు చేసినాను. నడక ఎక్కువైంది, నొప్పి తగ్గింది.
• ఒక మోపు కుడి భుజం మీద, తరువాతది ఎడమ మీద. మొదట్లో ఎడమ పక్క చేతగానట్టు ఉంటుంది, రెండు పంటల్లో అలవాటైపోతుంది.
• తోట నుంచి షెడ్డుకు దారి చదును చేసి తోపుడు బండి పెట్టినాను. ఇది అన్నిటికన్నా మేలు.
• 16 లీటర్ల స్ప్రే ట్యాంకులో నీళ్ళే 16 కిలోలు. రెండు పట్టీలూ ఒకే పొడవు చేసి, రెండు భుజాలకూ వేసుకోండి. ఒక భుజానికి తగిలించుకుని తిరగొద్దు.
• స్టాండు పై అంతస్తుకు మేత వేసేటప్పుడు చెయ్యి చాపి లాగొద్దు, చిన్న పీట వేసుకోండి.

*రోజూ పది నిమిషాలు*
1. రెండు భుజం రెక్కలనూ వెనక్కి దగ్గరికి తెచ్చి 5 లెక్కపెట్టేదాకా పట్టి వదలండి. 10 సార్లు.
2. పాత సైకిల్ ట్యూబును షెడ్డు స్తంభానికి కట్టి, రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని మోచేతులు వెనక్కి పోయేటట్టు లాగండి. 10 సార్లు.
3. తలను నిదానంగా ఒక పక్కకు వంచి 20 లెక్కపెట్టండి. రెండో పక్క కూడా.
నొప్పి పెరిగితే ఆపేయండి. నాకు తేడా తెలియడానికి మూడు నెలలు పట్టింది. భుజం పూర్తిగా సమానం కాలేదు. అయినా మోపు ఎత్తేటప్పుడు మెడ పట్టేయడం పోయింది. నాకు అది చాలు.

*ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి*
నా చిన్నపాపకు పన్నెండేండ్లప్పుడు ఎడమ భుజం పైకి కనపడింది. సెలవుల్లో మాతో ఆకు మోస్తుంది కదా, నాకు వచ్చినట్టే వచ్చిందనుకున్నాము. "నిటారుగా నిలబడు" అని కసురుకుంటా ఏడాది గడిపినాము. పదమూడులో ఎక్స్‌రే తీస్తే వెన్నెముక 30 డిగ్రీలు పక్కకు వంగి ఉంది.

నేను మోయించిన ఆకు వల్లే ఇట్లయిందా అని డాక్టరును అడిగినాను. కాదన్నారు. పిల్లలకు వచ్చే ఈ వంపు చాలామందిలో ఎందుకొస్తుందో తెలియదు, బరువు వల్లగానీ బడి సంచి వల్లగానీ రాదు అని చెప్పినారు. నిటారుగా నిలబడమంటే పోయేది కూడా కాదు. వంపు తక్కువ ఉంటే ఆరు నెలలకోసారి చూస్తా పోతారు. 25 డిగ్రీలు దాటి, పిల్ల ఇంకా ఎదిగే వయసులో ఉంటే బెల్టు (బ్రేస్) వేస్తారు. బెల్టు పని వంపు పెరగకుండా ఆపడం. ఎదుగుదల ఆగినాక దాంతో లాభం లేదు. "ఏడాది ముందే వచ్చుంటే ఇంకా తక్కువలో ఉండేదేమో" అన్నారు. ఆ మాట నాకు ఇంకా గుచ్చుతా ఉంది.

పాప ఇప్పుడు బెల్టు వేసుకునే బడికి పోతుంది. ముందు ఏడ్చింది, ఇప్పుడు అలవాటైంది. అదే టైలరు యూనిఫారం వదులుగా కుట్టించినాడు.

*ఈరోజే మీ పిల్లలను చూడండి*
10 నుంచి 15 ఏండ్ల పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, తల్లి చూస్తే మేలు. వీపు కనపడేటట్టు, కాళ్ళు దగ్గరగా, మోకాళ్ళు వంచకుండా, రెండు అరచేతులు కలిపి ముందుకు వంగమనండి. వెనక నిలబడి చూడండి. వీపు ఒక పక్క గుట్టలా లేస్తే, నడుము మడత రెండు పక్కలా ఒకేలా లేకుంటే, ఒక భుజం రెక్క బయటికి పొడుచుకొస్తే ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. పంట అయినాక చూద్దాం అనొద్దు.

*పెద్దవాళ్ళు ఎప్పుడు పోవాలి?*
• చెయ్యి తిమ్మిరెక్కినా, కొడవలి పట్టు జారిపోతా ఉన్నా
• చెయ్యి తల పైకి లేవకపోయినా
• రాత్రి నొప్పికి మెలకువ వచ్చినా
• పడినాక భుజం ఆకారం మారినా
ఎడమ భుజం నొప్పితో పాటు గుండెలో బిగుతు, చెమట, ఆయాసం ఉంటే అది మోపు నొప్పి అనుకోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

పురుగు ఒకటి మేత మానేస్తే మనకు వెంటనే కనపడుతుంది. తట్టంతా వెతికి ఏరేస్తాము. ఇంట్లో పిల్ల భుజం ఏడాది పాటు కండ్ల ముందరే ఉన్నా నాకు కనపడలేదు. మీకు అట్ల కాకూడదనే ఇది రాసినాను. ఈ రాత్రి మేత వేసి వచ్చినాక ఒక ఐదు నిమిషాలు పిల్లల వీపు చూడండి.