కదలకుండా కూర్చుంటే లైటు ఎందుకు ఆరిపోతుంది?

ఇంట్లో ఆటల గదికి సెన్సర్ లైటు పెట్టారనుకుందాం. క్యారమ్స్ ఆడుతున్నంతసేపూ వెలుగుతుంది. చదరంగం ముందు ఇద్దరూ ఆలోచనలో పడితే ఆరిపోతుంది. కారణం, అందులోని పీఐఆర్ సెన్సర్ గుర్తించేది మనిషిని కాదు, మార్పును.

మన ఒంటి వేడి పరారుణ కిరణాలుగా వెలువడుతుంది. సెన్సర్ ముందున్న ఫ్రెనెల్ కటకం గదిని భాగాలుగా విడదీసి చూస్తుంది. మనిషి ఒక భాగం నుంచి మరో భాగంలోకి కదిలితేనే విద్యుత్ సంకేతం పుడుతుంది. ఎండాకాలంలో గోడలు 35 డిగ్రీలు దాటి వేడెక్కితే, ఒంటికీ గోడకూ తేడా తగ్గి సెన్సర్ ఇంకా మందగిస్తుంది.

దీనికి పరిష్కారం మిల్లీమీటర్ తరంగ రాడార్. 60 గిగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం 5 మిల్లీమీటర్లే. అందుకే ఊపిరి తీసినప్పుడు ఛాతీలో వచ్చే స్వల్ప కదలికనూ అది పసిగడుతుంది. అయితే తిరిగే ఫ్యానును చూసి మనిషని పొరబడవచ్చు. కాబట్టి రాడార్‌ను ఆట బల్ల వైపే తిప్పాలి. లైటు వెలిగించే పని పీఐఆర్‌కు, ఆరకుండా చూసే పని రాడార్‌కు అప్పగిస్తే సరి.