అతని మాట అతని నోటనే విందము

పాఠ్యభాగములు: యోహాను 9:1-41, 2 సమూయేలు 9:1-13, 16:1-4, 19:24-30



సంఘపు పెద్దలు ఒక ఇంటిని దర్శింప వెళ్లుదురు. పుట్టుకతోనే కాళ్లు సరిగా లేని ఇరువది ఏండ్ల కుమారుడు అక్కడ మంచము మీద కూర్చుండును. పెద్దలు అతనివైపు చూచి, తల్లిని అడుగుదురు: "అబ్బాయి ఎట్లున్నాడమ్మా? వేళకు తినుచున్నాడా? పింఛను వచ్చుచున్నదా?" అన్నిటికి తల్లియే జవాబు చెప్పును. ప్రార్థన చేసి అందరును లేచి వత్తురు. ఆ యువకునికి నోరున్నది, చదువున్నది, తలంపులున్నవి. అయినను ఆ అరగంటలో అతనితో ఒక్కరును మాటలాడలేదు. వారికి ప్రేమ లేక కాదు. అతని నడుగవలెనని ఎవరికిని తోచలేదు.

ఇట్టి అలవాటు మన సంఘములలో అనేక చోట్ల కలదు. దీనిని గూర్చి వాక్యము ఏమి బోధించుచున్నదో ఈ నెల ధ్యానించుదము. దయచేసి బైబిలు తెరచి, పై భాగములను ముందుగా చదువుడి.

1. పెద్దవాడైన కుమారుడు

యోహాను 9వ అధ్యాయము ఆరంభములో పుట్టుగ్రుడ్డియైన ఒక మనుష్యుడు కనబడుచున్నాడు. శిష్యులు అతనితో మాటలాడలేదు. అతనిని గూర్చి మాటలాడిరి. ఇది ఎవరి పాపఫలమని ప్రభువు నడిగిరి. అతని పాపమును కాదు, అతని తలిదండ్రుల పాపమును కాదని ప్రభువు ఆ తలంపునే త్రోసివేసెను. మన గ్రామములలో ఇప్పటికిని ఇట్టి బిడ్డను చూచి "ఏ పాపము చేసిరో" అనువారు కలరు. క్రైస్తవుని నోట ఆ మాట రాకూడదు.

చూపు వచ్చిన తరువాత ఇరుగుపొరుగువారు, ఇతడా కాడా అని తమలో తాము వాదించుకొనిరి. ఆ వాదమును తీర్చినది అతడే. నేనే అతడనని చెప్పెను (9వ వచనము). పిమ్మట పరిసయ్యులు తలిదండ్రులను పిలిపించిరి. సమాజమందిరము నుండి వెలివేయుదురేమో అని వారు భయపడి, మా కుమారుడు పెద్దవాడయ్యెను, అతని సంగతి అతనినే అడిగి తెలిసికొనుడని తప్పించుకొనిరి. వారు భయము చేత పలికినను, ఆ మాటలో సత్యమున్నది. ఎదిగిన కుమారుని సంగతి అతని నోటనే వినవలెను.

అతడు ఎట్లు మాటలాడెనో గమనించుడి. తెలిసినది తెలిసినట్లు చెప్పెను, తెలియనిది తెలియదనెను. పండితులనే తిరిగి ప్రశ్న వేసెను. ఆ దినమంతయు సాక్ష్యము చెప్పుచుండగా అతని విశ్వాసము సహితము పెరిగెను. మొదట ప్రభువును ఒక మనుష్యుడనెను, తరువాత ప్రవక్త అనెను, కడపట ఆయనకు మ్రొక్కెను (11, 17, 38 వచనములు). నోరు మూయించినయెడల ఈ ఎదుగుదల ఎక్కడిది? మాటలాడినందుకు అతడు వెలివేయబడెను. అయితే ఆ సంగతి విని, అతనిని వెదకి కనుగొనినవాడు ప్రభువే (35వ వచనము).

2. బల్లయొద్ద చోటు, న్యాయసభలో మాట

అతడు చూపు వచ్చిన తరువాత గదా మాటలాడెను అని కొందరు అనవచ్చును. అట్లయిన మెఫీబోషెతును చూడుడి. అతని కాళ్లు బాగుపడలేదు. అయిదేండ్ల వయస్సున దాది అతనిని ఎత్తుకొని పారిపోవుచుండగా పడి కుంటివాడాయెను (2 సమూయేలు 4:4). దావీదు అతనిని లోదెబారు నుండి పిలిపించి, రాజకుమారులతో సమానముగా తన బల్లయొద్ద కూర్చుండబెట్టెను. ఇది గొప్ప దయ.

కాని కథ అక్కడ ముగియలేదు. అబ్షాలోము తిరుగుబాటు దినములలో సీబా అను సేవకుడు గాడిదలతోను రొట్టెలతోను రాజునకు ఎదురు వచ్చి, యజమానునిపై నింద మోపెను. దావీదు రెండవ పక్షము వినకయే మెఫీబోషెతు ఆస్తి అంతయు సీబాకు ఇచ్చివేసెను. రాజు తిరిగి వచ్చినప్పుడు గాని మెఫీబోషెతునకు మాటలాడు సమయము దొరకలేదు. తాను కుంటివాడు గనుక గాడిదమీద ఎక్కి రావలెనని తలంచితిననియు, సేవకుడు మోసము చేసెననియు అప్పుడు చెప్పెను. కత్తిరించని గడ్డమును, ఉదుకని బట్టలును అతనికి సాక్ష్యములు. అయినను భూమిలో సగమే అతని వంతుగా నిర్ణయింపబడెను.

దయ చూపుట ఒకటి, మాట వినుట మరియొకటి. రాజు భోజనమునకు చోటిచ్చెను గాని, పొలమును గూర్చి తీర్పు చేయునప్పుడు అతనిని అడుగలేదు. మనమును క్రిస్మసునకు బట్టలు ఇత్తుము, బియ్యము ఇత్తుము. అయితే అతని చదువు, పని, వివాహము, ఆస్తి మాటలకు వచ్చినప్పుడు అన్న గాని, మేనమామ గాని అతని పక్షమున నిర్ణయించును. అట్టి చోట సీబాలు పుట్టుట సులభము.

3. యౌవనస్థులు ముందు నడచిన మార్గము

వైకల్యము గల యౌవనస్థులు తమకొరకును ఇతరులకొరకును నిలిచినప్పుడు ఏమి జరుగునో చరిత్రలో చూడవచ్చును.

లూయీ బ్రెయిలీ 1809లో ఫ్రాన్సు దేశపు పల్లెలో పుట్టెను. తండ్రి గుర్రపు జీనులు కుట్టువాడు. మూడేండ్ల ప్రాయమున ఆ పనిముట్టు కంట గ్రుచ్చుకొని, క్రమముగా రెండు కన్నులును పోయెను. పారిసులోని అంధుల పాఠశాలలో ఉబ్బెత్తు అక్షరముల పుస్తకములుండెను. చూపు గలవారు చేసినవి గనుక అవి కంటికి చక్కగా నుండెను గాని వ్రేలికి కష్టముగా నుండెను. 1824లో, పదునైదేండ్ల ప్రాయమున, లూయీ ఆరు చుక్కల లిపిని సిద్ధపరచెను. నేడు తెలుగు అక్షరములును ఆ ఆరు చుక్కలలోనే వ్రాయబడుచున్నవి. అక్కరను ఎరిగినవాడే మార్గమును కనుగొనెను.

మన దేశములో జావేద్ ఆబిదీ చక్రముల కుర్చీలో తిరుగువాడు. అతడును అతని తోటివారును ఢిల్లీలో నిలిచి అడుగగా, 1995 డిసెంబరులో వికలాంగుల హక్కుల చట్టమును పార్లమెంటు ఆమోదించెను. అప్పటికి అతనికి ముప్పది ఏండ్లు. 2001 జనాభా లెక్కలలో వైకల్యమును గూర్చిన ప్రశ్న ఉండవలెనని వారు పట్టుబట్టి సాధించిరి. లెక్కలో లేనివారిని ఎవరు జ్ఞాపకము చేసికొందురు? 2011 లెక్కల ప్రకారము దేశములో 2 కోట్ల 68 లక్షల మందియు, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షల 66 వేల మందియు వైకల్యము గలవారుండిరి.

మన తెలుగు బిడ్డ శ్రీకాంత్ బొల్లా మచిలీపట్నము దగ్గర సీతారామపురములో రైతు ఇంట చూపు లేకుండ పుట్టెను. పదవ తరగతి మంచి మార్కులతో ముగించినను, చూపు లేనివారికి ఇంటర్మీడియట్‌లో సైన్సు ఇవ్వమని నిరాకరించిరి. ఒక ఉపాధ్యాయురాలి తోడుతో అతడు న్యాయస్థానమునకు వెళ్లి అనుమతి పొందెను. 2009లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయములో చేరెను. 2012లో హైదరాబాదులో పరిశ్రమ స్థాపించి, వైకల్యము గల అనేకులకు పని కల్పించెను. ప్రశ్నించినవాడు అతడు, ప్రక్కన నిలిచినది ఉపాధ్యాయురాలు. సంఘము చేయవలసిన పనియు అదే.

4. చట్టము ఇచ్చిన ఆధారము

2016లో చేయబడిన క్రొత్త చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించుచున్నది. సికిల్ సెల్, తలసీమియా వంటి రక్తవ్యాధులును, మానసిక రుగ్మతయు అందులో చేరినవి. నూటికి 40 వంతులు, లేక అంతకు మించిన వైకల్యము ఉన్నట్లు ధ్రువపత్రము గలవారికి 6 మొదలు 18 ఏండ్ల వరకు ఉచిత విద్యయు, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలో నూటికి 5 స్థానములును, ప్రభుత్వ ఉద్యోగములలో నూటికి 4 స్థానములును ఉండవలెనని నియమము. ఇది భిక్ష కాదు, హక్కు. అయితే అడుగువారు లేనిచోట హక్కు కాగితము మీదనే నిలిచిపోవును.

5. సంఘము చేయదగిన పనులు

మొదటిది: అతనినే, ఆమెనే అడుగుడి. మాట రానివారి సంగతి ఏమందురా? జెకర్యాకు మాట పోయినప్పుడు బంధువులు సైగలు చేసి అడిగిరి, అతడు పలకమీద వ్రాసెను (లూకా 1:62-63). బుద్ధి మెల్లగా ఎదుగువారికి సులువైన మాటలతో, రెండింటిలో ఏది కావలెనని అడిగి, జవాబునకు ఓపికతో కనిపెట్టుడి.

రెండవది: యౌవన సమాజములో బాధ్యత నిచ్చుడి. కార్యదర్శిగా, కోశాధికారిగా, ఆదివార పాఠశాల ఉపాధ్యాయినిగా ఎన్నుకొనుడి. మోషే నోటిమాంద్యము గలవాడైనను దేవుడు అతని స్థానమును మరియొకనికి ఇవ్వలేదు. అహరోనును సహాయకునిగా ఇచ్చెను.

మూడవది: మందిరపు మెట్ల ప్రక్కన వాలుబాట కట్టుడి. ఒక అడుగు ఎత్తునకు పండ్రెండు అడుగుల పొడవు ఉండిన చక్రముల కుర్చీ సులువుగా ఎక్కును. అది నిటారుగా నున్న ప్రమాదము. కట్టక మునుపు, దానిని వాడబోవువారిని పిలిచి చూపుడి.

నాల్గవది: ధ్రువపత్రము కొరకు ఆసుపత్రికిని, అర్జీతో కార్యాలయమునకును తోడుగా వెళ్లుడి, మాట మాత్రము వారినే చెప్పనిండు. పదునెనిమిది ఏండ్లు నిండి ఓటరుగా నమోదైన ప్రతివారికి గ్రామసభలో కూర్చుండి మాటలాడు హక్కున్నది.

అయిదవది: తలిదండ్రుల భయమును తృణీకరింపకుడి. ఆడపిల్ల విషయములో ఆ భయము మరి యెక్కువ. "బయటికి పంపిన నవ్వుదురు, మోసపుచ్చుదురు" అను తల్లి మాట అబద్ధము కాదు. బిడ్డను దాచుటకు కాక, బిడ్డతో కలిసి నడచుటకు ఆ తల్లికి సంఘము ధైర్యము నియ్యవలెను. యోహాను సువార్తలోని తలిదండ్రులకు అట్టి సంఘము లేకపోయెను.

శరీరములో బలహీనములుగా కనబడు అవయవములు అవసరమైనవని పౌలు 1 కొరింథీయులు 12:22లో బోధించుచున్నాడు. "ఉండనిత్తము" అని కాదు, "అవసరము" అని. వారి మాట లేని సంఘము వారికి మాత్రమే నష్టము చేయుట లేదు. తానే అవయవము లేని శరీరమగుచున్నది.

యౌవన కూడికలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో వైకల్యము గల యౌవనస్థులు ఎందరు? వారిలో ఎందరు కూడికలకు వచ్చుచున్నారు? రానివారికి ఉన్న అడ్డు ఏది?
2. దావీదు చూపిన దయలో ఏది కొదువ? మన దయలో ఏది కొదువ?
3. ఈ కూడికను వచ్చే నెల నడిపించుటకు వారిలో ఒకరిని అడుగవచ్చునా? ఎవరు అడుగుదురు?

ప్రార్థన: ప్రభువా, వెలివేయబడినవానిని వెదకి కనుగొనిన నీవు, మా మధ్య మౌనముగా కూర్చున్నవారి మాట వినుటకు మాకు చెవులిమ్ము. మాటలాడుటకు వారికి ధైర్యమిమ్ము. ఆమేన్.