గనుల డ్యూటీకి వెళ్లేముందు ఇంట్లో చెప్పవలసినవి

కుటుంబాన్ని పెర్త్‌లో ఉంచి, 1,000 కిలోమీటర్లకు పైగా దూరంలోని పిల్బరా ఇనుప ఖనిజం గనులకు విమానంలో వెళ్లివచ్చే వారికి ఈ సూచనలు. 12 గంటల షిఫ్టులో మీకు ఫోన్ అందకపోవచ్చు. అర్ధరాత్రి బిడ్డకు ఆయాసం వస్తే మీ భార్య మీ ఫోన్ కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు.

1. 000 కి ఫోన్ చేసి "అంబులెన్స్" అనాలి. ఇంగ్లీషు రాకపోతే "తెలుగు" అని చెప్పి, లైనులోనే ఉండాలి. ఈ మాటలు ఆమె చేత రెండుసార్లు అనిపించండి.
2. ఇంటి చిరునామా ఇంగ్లీషులో రాసి గోడకు అంటించండి.
3. డాక్టరుతో మాట్లాడటానికి దుబాసీ కావాలంటే 131 450. ఇది 24 గంటలూ పనిచేస్తుంది.
4. పాస్‌పోర్టు కాపీలు, సైటు ఆఫీసు నంబరు ఆమె దగ్గర ఉంచండి.

తిరిగి వచ్చిన రోజే ఖర్చుల లెక్కలు అడగకండి. అన్నాళ్లూ ఇల్లు నడిపింది ఆమే.