సముద్రంలో కలిసే నీరు వృథాయేనా?

వరదల రోజుల్లో ప్రకాశం బ్యారేజి గేట్లు ఎత్తగానే మన ఇళ్లల్లో వినిపించే మాట ఒకటే: "అయ్యో, ఇంత నీరు సముద్రం పాలవుతోందే!" శివారు భూముల రైతు ఆ మాట అంటే తప్పు పట్టలేం. వేసవిలో బిందె పట్టుకుని నిలబడే ఇల్లాలు అన్నా తప్పు పట్టలేం. అయినా ఆ మాట ఎంతవరకు నిజమో ఒకసారి ఆలోచిద్దాం.

కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రిబ్యునల్ 1973లో ఒక లెక్క తేల్చింది. నూరేళ్లలో 75 ఏళ్లు నమ్మకంగా దొరికే నీరు 2,060 టి.ఎం.సి.లు. ఒక టి.ఎం.సి. అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. అందులో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 ఇచ్చారు. కూడి చూడండి, సరిగ్గా 2,060! నది పేరిట ఒక్క చుక్క రాయలేదు. అప్పటి పెద్దలను నిందించి లాభం లేదు. అది దేశం తిండిగింజలకు వెదుక్కుంటున్న కాలం.

తరువాత ఏమైంది? 2001-2004 మధ్య కరవు ఏళ్లలో బ్యారేజి దాటి సముద్రం చేరిన నీరు దాదాపు శూన్యం. నదిలో నీటి ఒత్తిడి లేకపోతే ఆటుపోట్లతో ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. బావులు ఉప్పెక్కుతాయి, పొలాలు చౌడు బారుతాయి. కాబట్టి నది ఎండితే నష్టపోయేది వల వేసేవాడొక్కడే కాదు, నాగాయలంక, కోడూరు వైపు వరి వేసే రైతు కూడా. ఇక మడ అడవులు. మంచినీరు, ఉప్పునీరు కలిసే చోటనే అవి పెరుగుతాయి. రొయ్య, పీత, పండుగప్ప పిల్లలు పెరిగేది వాటి వేళ్ల మధ్యనే. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన చూసినవారికి తీరాన చెట్ల విలువ వేరే చెప్పనక్కరలేదు.

2010లో బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ నదిలో కనీస ప్రవాహం కోసం 16 టి.ఎం.సి.లు కేటాయించింది. 2,060తో పోలిస్తే నూటికి ఒక వంతు కూడా కాదు. ఆ తీర్పును గెజిట్‌లో ప్రచురించవద్దని 2011లో సుప్రీంకోర్టు ఆపింది. నా మట్టుకు నాకు ఎంత నీరన్నదానికంటే ఎప్పుడు వదులుతారన్నదే ముఖ్యం. ఆగస్టు వరద ఏప్రిల్‌లో ఉప్పును ఆపదు కదా!

మరి ఆ నీరు ఎక్కడి నుండి తేవాలి? వరికి ఎప్పుడూ నీరు నిలిపి ఉంచనక్కరలేదు. మడిని తడుపుతూ, ఆరనిస్తూ పండిస్తే నీరు ఆదా అవుతుంది. కానీ ఇక్కడే ఒక చిక్కుంది. ఆదా అయిన నీటిని నది పేరిట రాసి ఉంచకపోతే, అది పైన మరో ఎత్తిపోతలకు వెళ్తుంది, నదికి మిగిలేది ఏమీ ఉండదు. ఒకవేళ నదికోసం దాళ్వా నీరు తగ్గిస్తే ఆ భారం ముందుగా పడేది కాలువ చివరి కౌలుదారు మీద. పంట వచ్చినా రాకున్నా కౌలు కట్టవలసినవాడు అతడే. పరిహారం భూమి యజమానికి వెళ్లి, అతడు వట్టి చేతులతో మిగిలితే అది న్యాయమా?

1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. అవి ముఖ్యంగా ఆయకట్టు రైతుల సంఘాలు. ఈసారి మీ ఊరి సంఘం సమావేశమైనప్పుడు కౌలుదారుని మాట, హంసలదీవి దగ్గర వల వేసే కుటుంబం మాట అక్కడ ఎవరైనా ఎత్తుతున్నారేమో అడిగి చూడండి.