నేల కింద కరెంటు

మాది గిలకలదిండి. ఉప్పుగాలి, తుఫాను నీళ్లు కరెంటుని ఎంత ఇబ్బంది పెడతాయో చిన్నప్పటి నుంచీ చూస్తున్నా. అందుకే మద్రాసు ట్రాము చరిత్ర చదువుతుంటే ఆసక్తిగా అనిపించింది.

1895 మే 7న మొదలైన ఆ కరెంటు ట్రాము మన దేశంలోనే మొదటిది. రేవు నుంచి ఊళ్లోకి నడిచేది. మొదట్లో పైన తీగలు లేవు. రోడ్డులో సన్నని చీలిక, దాని కింద గాడి, అందులో కరెంటు కడ్డీలు. ట్రాము కింద వేలాడే పరికరం వాటిని ఒరుసుకుంటూ కరెంటు తీసుకునేది. ఒరుసుకోవాలి కాబట్టి కడ్డీలకు తొడుగు వేసే వీల్లేదు. వానాకాలం వరదలకు గాడిలో నీళ్లు చేరితే ఇంకేముంది! చివరికి తీగల్ని పైకెత్తారు. తర్వాత కంపెనీ దివాలా తీసింది. 1953 ఏప్రిల్ 12న ట్రాములు ఆగిపోయాయి.

2014లో హుద్‌హుద్ స్తంభాల్ని కూల్చాక విశాఖలో తీగల్ని నేల కిందికి దించడం మొదలెట్టారు. మద్రాసులో చేసినదానికి ఇది పూర్తిగా తిరకాసు. అయినా రెండూ సబబే. విశాఖ కేబుల్‌కి ఇన్సులేషన్ తొడుగుంది, దాని శత్రువు గాలి. ట్రాము కడ్డీకి శత్రువు నీళ్లు. తీరంలో ఏం కట్టినా డ్రాయింగ్ గీసేముందే ఆ శత్రువెవరో తేల్చుకోవాలి.