ఒత్తిడి గాలి: యంత్రమునకు మేలు, దేహమునకు ముప్పు

గాలి కంటికి కనబడదు. కావున దానిని చూచి భయపడువారు అరుదు. కాని యంత్రముచే అదిమి గొట్టము ద్వారా విడిచిన గాలి, ధూళిని తరిమినంత సులభముగా మనుష్యుని కంటిని పోగొట్టగలదు, ప్రాణమును తీయగలదు.

కోల్‌కతాలో హుగ్లీ నది తూర్పు గట్టున గార్డెన్ రీచ్ కలదు. 1960లో భారత ప్రభుత్వము స్వాధీనము చేసికొనిన నౌకా నిర్మాణశాలయు, ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయమును అచ్చటనే యున్నవి. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి తెలుగువారనేకులు ఆ రైలుమార్గమును నమ్ముకొని వంగదేశమున స్థిరపడిరి. ఇట్టి పారిశ్రామిక ప్రాంతములందు ఒత్తిడి గాలి నిత్యము వాడుకలో నుండును. ఆ గొట్టముతోనే కంప్యూటరులోని ధూళిని ఊదివేయుట సులభమని తోచుట సహజము. అచ్చటనే ప్రమాదము పొంచియున్నది.

కర్మాగారపు గాలి ఒత్తిడి సాధారణముగా చదరపు అంగుళమునకు 100 పౌనుల వరకు నుండును. అమెరికా కార్మిక భద్రతా నియమములు శుద్ధి పనికి 30 పౌనులకు మించరాదని విధించినవి. ఎగిరిన రజను కంటిని గాయపరచును. చర్మమునందలి గాయము ద్వారా గాలి రక్తనాళములలో ప్రవేశించినచో మరణము సంభవింపవచ్చును. మలద్వారమున చొచ్చినచో ప్రేగులు పగులును. కావున పరిహాసమునకైనను గొట్టమును ఎవరివైపును త్రిప్పరాదు. బట్టలపై దుమ్మును దానితో దులుపుకొనరాదు.

శుద్ధి చేయువారు పాటింపవలసిన నియమములు:

1. విద్యుత్తు తీగను ఊడదీయవలెను. విద్యుత్తును సరఫరా చేయు లోపలి పెట్టెను విప్పరాదు. తీగ తీసిన పిమ్మటను అందు విద్యుత్తు నిలిచియుండును.

2. కంటి అద్దములు, ముక్కునకు ముసుగు ధరింపవలెను. ఆరుబయట పని చేయుట మేలు.

3. తేమగల ఋతువులలో కంప్రెస్సరు తొట్టియందు నీరు చేరును. దానిని ముందుగా తీసివేయవలెను. లేనిచో నీటితుంపరలు యంత్రమును చెరచును.

4. ఒత్తిడిని తగ్గించి, కొంత దూరమునుండి, కొద్దికొద్దిగా ఊదవలెను. ఫ్యానును కదలకుండ పట్టుకొనవలెను.

5. అంగడిలో దొరకు డబ్బాలలోనిది పెక్కుమార్లు గాలి కాదు, మండు స్వభావముగల వాయువు. డబ్బాను నిలువుగా పట్టవలెను. వంచినచో అతిశీతల ద్రవము వెలువడి చర్మమును గాయపరచును. నిప్పు దగ్గర వాడరాదు. ఆ వాయువును పీల్చినచో గుండె హఠాత్తుగా ఆగిపోవచ్చును. పిల్లలకు అందనీయరాదు.

కంటిలో రజను పడినచో నలుపరాదు. మంచినీటితో కడిగి, నొప్పి తగ్గనిచో వైద్యునికి చూపవలెను. రజను కంటిలో గ్రుచ్చుకొనినచో దానిని పెరుకక, కంటిని నొక్కక, వెంటనే ఆసుపత్రికి పోవలెను. దేహములోనికి గాలి చొచ్చినదను అనుమానము కలిగినను, బాధ లేకున్నను, ఆలస్యము చేయరాదు.

కండ్ల రక్షణ కల్పించు బాధ్యతను, 2025 వరకు అమలులో నుండిన 1948 నాటి కర్మాగారముల చట్టము 35వ సెక్షను యజమానిపై నుంచెను. కల్పించిన రక్షణను ధరించుట పనివాని విధి. చెడిన యంత్రమునకు బదులు మరియొకటి తెచ్చుకొనవచ్చును. పోయిన కన్ను తిరిగి రాదు.